సుద్ద గీతల గది

కిందటి వారం వదినని మనం ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందిగా? గోడ మధ్యలో, చేతిలో టీ కప్పుతో.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. అది ఇటుకల గోడ కాదు, నేల మీద సుద్దతో గీసిన గోడ. నూట పద్దెనిమిది రోజుల పాటు భూమి చుట్టూ తిరిగొచ్చే ఓడలో వదినకీ, ఆమె ఆడపడుచు చిట్టికీ కలిపి ఒక గది దొరికింది. టికెట్లతో పాటు గది ప్లాను కూడా వచ్చింది. నలభై ఏళ్ళకి పైగా బట్టలు కుట్టిన మనిషి ప్లాను చూసి ఊరుకుంటుందా? ముందుగదిలో కుర్చీలన్నీ వరండాలోకి గెంటించి, కొలత టేపు పరిచి, బట్ట మీద గీసే సుద్దబిళ్ళతో ఆ గదిని ఉన్న సైజుకి ఉన్నట్టు నేల మీద దించేసింది వదిన. "ఓడ ఎక్కాక తడుముకోవడం ఎందుకు? ఇప్పట్నించే అలవాటు చేసుకుందాం" అంది. నెల రోజులుగా ఇద్దరూ ఆ గీతల మధ్యే పరుపులు వేసుకుని పడుకుంటున్నారు, ఆ గీతల మధ్యే పెట్టెలు సర్దుతున్నారు, గీతలో తలుపు కోసం వదిలిన సందులోంచే రాకపోకలు సాగిస్తున్నారు. గీత తొక్కినవాళ్ళు ఆ పూట గిన్నెలు తోమాలని పందెం. చిట్టి ఇప్పటికి ఇరవై రెండు పూటలు తోమింది. వదిన ఒక్క పూట కూడా తోమలేదు.

ఇంతలో టికెట్ల ఆఫీసు నుంచి కబురు. గది మారింది, ఓడకి ఎడమ పక్కది కాదు, కుడి పక్కది ఇస్తున్నారు. అన్నీ అవే, కాకపోతే అద్దంలో చూసినట్టు అటుది ఇటు, ఇటుది అటు. వదిన స్నానానికి వెళ్ళిన అరగంటలో చిట్టి పాత గీతలు తడిగుడ్డతో తుడిచేసి కొత్త గది గీసింది. వదిన చూసి మురిసిపోతుందనుకుంది. వదిన వంటింట్లోంచి టీ పట్టుకుని, పాత తలుపు ఉన్న చోటు నుంచి దర్జాగా నడిచొచ్చి, ఇదివరకు స్టూలు ఉన్న చోట కప్పు పెట్టింది. అక్కడ స్టూలు లేదు.

కప్పు నాలుగు ముక్కలైంది. టీ కొత్త బాత్రూము గోడ దాకా పారింది.

"కదలకు వదినా" అంది చిట్టి. "కాళ్ళ దగ్గర పెంకులున్నాయి."

"చెయ్యి జారింది."

"చెయ్యి జారలేదు. స్టూలు అక్కడ లేదు."

"అయితే స్టూలు జరిపి చెప్పకపోవడం నీ తప్పు. ఇవాళ గిన్నెలు నీవే."

"స్టూలొక్కటే కాదు, గది మొత్తం జరిపాను. నువ్విప్పుడు ఎక్కడ నుంచున్నావో తెలుసా? బాత్రూములో. గోడలోంచి దూరి వచ్చావు."

వదిన నవ్వబోయింది. "సుద్ద గోడేగా. సిమెంటుదైతే తగిలి ఉండేది."

చిట్టి నవ్వలేదు. అరవలేదు కూడా, అందుకే వదినకి భయం వేసింది. చిట్టి కోపం ముక్కు మీద ఉంటుందని వీధి వీధంతా ఎరుగుదురు. అరిస్తే పావుగంటలో చల్లారుతుంది. అరవకుండా ఉంటేనే కష్టం.

"నీ కుడికాలి కింద గీత ఉందా, లేదా? చూసి చెప్పు."

వదిన తల వంచింది. వంచి, కాలి వైపు కాకుండా, తలని పక్కకి తిప్పి గోడ వైపు చూసింది. కంటి కొసతో నేలని వెతుక్కుంది. ఆ చూపు చిట్టికి కొత్త కాదు. ముప్పై మూడేళ్ళు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసింది. మందుల కిటికీ అవతల నిలబడి, చీటీ వైపు కాకుండా తన భుజం వైపు చూస్తూ మాట్లాడే పెద్దవాళ్ళని ఎంతమందిని చూసిందో లెక్కలేదు. వాళ్ళందరికీ "కంటి డాక్టరు గది మేడ మీద" అని దారి చూపించింది. సొంత ఇంట్లో మాత్రం కనిపెట్టలేకపోయింది.

"ఎన్నాళ్ళయింది?"

వదిన కొంగుతో చెయ్యి తుడుచుకుంది. తడి ఏమీ లేదు, అయినా తుడుచుకుంది.

"పద్నాలుగు నెలలు."

చిట్టి చీపురు తెచ్చి పెంకులు ఊడ్చింది. వదిన చెయ్యి పట్టుకుని కొత్త తలుపు సందులోంచి బయటికి తీసుకొచ్చి, వరండాలో కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా తనూ కూర్చుంది. అప్పుడు మొదలుపెట్టింది.

"ముప్పై మూడేళ్ళు వదినా! వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను, డాక్టరు దగ్గర రోగం దాచొద్దు, ఇంట్లోవాళ్ళ దగ్గర అసలే దాచొద్దని. నా ఇంట్లో నా పక్క పరుపు మీద పడుకుని నువ్వే దాచావ్. సూదిలోకి దారం ఎక్కించమని నా దగ్గరకి పట్టుకొస్తే, ముసలిదానివయ్యావని ఎగతాళి చేశాను. అప్పుడైనా చెప్పొచ్చుగా! నన్ను ఎంత వెధవని చేశావ్!"

"నువ్వు నవ్వుతుంటే బావుంది. పాడు చెయ్యడం ఎందుకని ఊరుకున్నా."

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"ఒక్కదాన్నే వెళ్ళా. రెండు కళ్ళకీ మధ్య చూపు పోయిందట. తిరిగి రాదట. అంచుల చూపు మాత్రం ఉంటుందన్నాడు. నిజమే చిట్టీ, అంచులన్నీ బాగానే ఉన్నాయి. నీ మొహం వైపు చూస్తే రెండు చెవులూ చక్కగా కనిపిస్తాయి. ముక్కు ఒక్కటే కనిపించదు. దాని మీద ఉండే కోపం కూడా కనిపించదు, హాయిగా ఉంది."

చిట్టికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెండూ కలిసి దగ్గుగా బయటికొచ్చాయి. వదిన ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. చూసుకోకుండానే సరిగ్గా మోకాలి మీదే వేసింది.

ఇప్పుడు చిట్టికి ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. నేల మీద గది గీయడం ఆట కాదు. వదిన రోజుకి పదిసార్లు పెట్టె సర్దే వంకతో ఆ గదిని కాళ్ళతో బట్టీ పట్టింది. తలుపు నుంచి నాలుగు అడుగులకి మంచం. మంచం నుంచి ఎడమకి రెండడుగులకి అలమారా. ఓడవాళ్ళ ఆరోగ్యం ఫారంలో ఏడో ప్రశ్న ఉంది: 'ఇతరుల సాయం లేకుండా గది నుంచి బయటికి రాగలరా?' ఆ ప్రశ్నకి 'రాగలను' అని చెప్పడానికే నెల రోజుల కసరత్తు.

"అందుకా, గీత తొక్కకుండా నడిచింది" అంది చిట్టి.

"చూసుకుంటూ నడిచేవాళ్ళే తొక్కుతారు. లెక్క పెట్టుకుని నడిచేవాళ్ళు తొక్కరు."

ఈ మాట అంటున్నప్పుడు వదిన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. చిట్టి ఊరుకుంటుందా? గీయడానికి తెచ్చుకున్న ప్లాను తీసి, పొద్దున తుడిచేసే ముందు కొలుచుకున్న పాత గీతల కొలతలు దాని పక్కన పెట్టింది.

"నీ లెక్క కూడా తప్పే. నీ గది ఓడవాళ్ళు ఇచ్చిన గది కంటే జానెడు పొడుగుంది. ఎందుకో తెలుసా? గోడకీ, మంచానికీ, అలమారాకీ, బాత్రూముకీ అటూ ఇటూ అంగుళం అంగుళం ఎక్కువ గీశావ్."

వదిన ఒక క్షణం ఆలోచించి నాలిక్కరుచుకుంది. "అయ్యో! కుట్టుకి వదిలాను."

"గోడలకి కుట్టేమిటి వదినా!"

"సుద్దబిళ్ళ చేతిలోకొస్తే చెయ్యి దానంతటదే వదిలేస్తుంది. నలభై ఏళ్ళ అలవాటు. బట్టకి వదలకుండా గీస్తే అంచు కుట్టు లోపలికి పోయి బిగుతవుతుంది కదా."

ఈసారి ఇద్దరూ నవ్వారు. ఆ జానెడు గురించి తలుచుకుని తలుచుకుని నవ్వారు. వదిన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే చిట్టి నవ్వు ఆగిపోయింది. ఓడ కదులుతున్నప్పుడు, జానెడు తక్కువైన గదిలో, లెక్క నమ్ముకుని నాలుగో అడుగు వేస్తే ఆ అడుగు నిజం గోడకి తగులుతుంది.

అసలు వదినకి ఓడ మీద ఈ పిచ్చి ఎలా పట్టుకుందో మొదట్నించీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. ముప్పై ఏళ్ళు ఆమె కుట్టింది ఓడలవాళ్ళకే. తెల్ల యూనిఫారాలు, భుజాల మీద పట్టీలు, దిండు గలీబులు, అన్నిటికంటే ఎక్కువగా గదుల కిటికీ తెరలు. మూటలు కట్టి బండిలోకి ఎక్కించడం వరకే ఆమె పని. ఆ తెరలు ఏ కిటికీకి వేలాడాయో, ఎవరు తెల్లారి లేచి వాటిని పక్కకి జరిపారో ఎప్పుడూ చూడలేదు. చిట్టి రిటైరైన రోజున ఇంటికొచ్చి, "వదినా, మనం ఓడెక్కుతున్నాం, నీ తెరల వెనక నువ్వే పడుకోబోతున్నావ్" అన్నప్పుడు ఆమె గంట సేపు మిషను ముందు నుంచి లేవలేదు. కుట్టనూ లేదు.

"చూడు చిట్టీ" అంది వదిన ఇప్పుడు. "నువ్వు వెళ్ళు. టికెట్ల ఆఫీసువాళ్ళతో మాట్లాడి నా పేరు కొట్టించెయ్. నాకు చాకిరీ చెయ్యడానికా నువ్వు ఓడెక్కేది?"

"నీ తెరలు చూడ్డానికి నేనొక్కదాన్నే వెళ్ళనా? వెళ్ళి ఏం చెయ్యను, ఉత్తరం రాయనా?"

"నాకెలాగూ సరిగ్గా కనిపించవుగా."

"మరి పద్నాలుగు నెలలుగా ఎందుకు తాపత్రయపడ్డావ్?"

వదిన ఈసారి చిట్టి వైపు తిరిగింది. చిట్టి భుజం మీదుగా దూరంగా చూస్తూ మాట్లాడింది. ఆమెకి చిట్టి బాగా కనిపించేది అలా చూస్తేనే.

"అక్షరం కావాలంటే మధ్య చూపు కావాలి. సూదికి కావాలి, మొహానికి కావాలి. సముద్రానికి ఎందుకే? అది ఎటు చూసినా ఉంటుందిగా. నాకు మిగిలిన చూపుకి సరిపోయేది ప్రపంచంలో అదొక్కటే అనిపించింది. అంచులు కూడా పోకముందు ఒక్కసారి చూసేద్దామనుకున్నా. అంతే."

చిట్టికి మాట రాలేదు. ఆమెకి మాట రాకపోవడం అంటే గుర్తొచ్చేది కూడా వదినే.

వదిన కాపురానికి వచ్చేనాటికి చిట్టికి పదమూడేళ్ళు, విపరీతమైన నత్తి. బళ్ళో నోరు విప్పేది కాదు. ఇంట్లో అందరూ ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగలేక తామే పూర్తి చేసేసేవాళ్ళు. కొత్తగా వచ్చిన వదిన ఒక్కతే అలా చెయ్యలేదు. మిషను ముందు పీట వేసి కూర్చోబెట్టి, "నేను తొక్కుతుంటా, నువ్వు పాఠం చదువు. ఈ చప్పుడులో నువ్వేమంటున్నావో నాకే వినబడదు, ఇంకెవరికి వినబడుతుంది?" అంది. చిట్టి చదివింది. మిషను పరుగు మీద మాట కూడా పరిగెత్తడం నేర్చుకుంది. మూడేళ్ళు, రోజూ సాయంత్రం. వదినకి ప్రతి మాటా వినబడేదని, తప్పు చదివినప్పుడు కావాలనే ఇంకాస్త గట్టిగా తొక్కేదని చిట్టికి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ నోటితోనే ముప్పై మూడేళ్ళు రోజుకి రెండొందల మందికి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పింది.

"నువ్వు లేకపోతే నాకు నోరే లేదు వదినా" అంది చిట్టి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనని మాట. "ఇవాళ నీకు కళ్ళు కావాల్సొస్తే నా కళ్ళున్నాయి. దాన్ని చాకిరీ అంటే మాత్రం ఊరుకోను. ఇంకోసారి అన్నావంటే నూట పద్దెనిమిది రోజులూ గిన్నెలు నీచేతే తోమిస్తా."

"ఓడలో గిన్నెలు వాళ్ళే తోముతారట" అంది వదిన, ముక్కు చీదుకుంటూ.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ పనిలో పడ్డారు. దిండు గలీబుల అంచుల్లో పెట్టే సన్నటి తాడు వదిన పెట్టెలో చుట్టలు చుట్టలుగా ఉంది. చిట్టి దాన్ని కొత్త గీతల వెంబడి పరిచి టేపుతో అంటించింది. వదిన చెప్పులు విడిచి అరికాళ్ళతో ఆ గోడల్ని తడుముతూ కొత్త గదిని నేర్చుకుంది. కుట్టుకి వదలని గది. తలుపు నుంచి మూడున్నర అడుగులు, కుడికి మంచం. చిట్టి కాసేపు వంగి పనిచేసేసరికి కళ్ళు తిరిగినట్టై గోడకి చేరబడింది. "టీ తాగలేదుగా, అందుకే" అనుకుని మళ్ళీ వంగింది.

ఆ తర్వాత మందుల పొట్లాలు. చిట్టి కాంపౌండరుతనం అంతా అక్కడే ఉంది. రోజుకొక పొట్లం, పొట్లం మీద తేదీ, లోపల వదిన బీపీ మాత్రా షుగరు మాత్రా. ఓడ తూర్పుగా చుట్టి వస్తుంది కాబట్టి మహాసముద్రం మధ్యలో ఒక తేదీ రెండుసార్లు వస్తుందట. అందుకని ఆ తేదీకి రెండు పొట్లాలు కట్టింది. ఇప్పుడు మొత్తం నూట పంతొమ్మిది పొట్లాల మీదా తేదీలు కొట్టేసి, ఒక్కో పొట్లంలో మాత్రల్ని రెండు మడతలుగా విడదీసి, మడతకొక దారం కట్టింది. పొద్దుటి మందుకి ఒక ముడి, రాత్రి మందుకి రెండు.

"నేను లేనప్పుడు కూడా నీకు తెలియాలి" అంది.

"నువ్వెక్కడికి పోతావ్? ఓడ దిగి నడిచిపోతావా?" అంది వదిన. ముళ్ళు వేళ్ళతో తడిమి చూసి, ఒక ముడి బావుండలేదని విప్పి మళ్ళీ వేసింది.

ఆరోగ్యం ఫారాల మీద సంతకం పెట్టే డాక్టరు దగ్గర నిజమే చెప్పాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారనే కంటే చిట్టి ఒప్పించిందనడం న్యాయం. ఫారాలు రేపు సాయంత్రానికి ఓడ ఆఫీసుకి చేరాలి. ఆయన కాదంటే ఇద్దరూ మానేస్తారు, ఔనంటే ఇద్దరూ వెళ్తారు. ఒక్కరు వెళ్ళే మాట ఇక ఎత్తకూడదు.

మూడు గంటలకి డాక్టరుగారి గదిలో ఉన్నారు. ఆయనా చిట్టీ ఇరవై ఏళ్ళు ఒకే ఆసుపత్రిలో పనిచేశారు. ఆయన చేతిరాత చదవగలిగింది చిట్టి ఒక్కతేనని ఆసుపత్రిలో ఒక జోకు ఉండేది. ఆయన వేసుకున్న తెల్లకోటు వదిన కుట్టిందే. వదిన ఏమీ దాచకుండా అంతా చెప్పింది, గోడలోంచి నడిచి రావడంతో సహా. ఆయన టార్చి వేసి కళ్ళు చూశాడు. లేచి నడవమన్నాడు. తర్వాత ఏడో ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాడు.

"సాయం లేకుండా రాగలరని రాస్తే అబద్ధం అవుతుందమ్మా" అన్నాడు.

వదిన తలూపింది. చిట్టి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"కానీ కింద ఇంకో గీత ఉంది. 'తోడు వచ్చే మనిషి బాధ్యత మీద' అని. అది ఎవరూ చదవరు. మధ్య చూపు లేనివాళ్ళు సముద్రం మీదకి వెళ్ళకూడదని ఎక్కడా లేదు. బాధ్యత తీసుకునేవాళ్ళు ఉన్నారా?"

"ఉన్నాను" అంది చిట్టి, ఆయన మాట పూర్తికాకముందే.

డాక్టరు నవ్వి సంతకం పెట్టాడు. ఆయన కలం కాగితం అవతలి వైపుకి దిగిపోయేలా నొక్కి రాస్తాడు. వదిన కాగితాన్ని అందుకుని, సంతకం ఉన్న చోటు వెనక వైపు వేలితో నిమిరి, ఆ గరుకు తగలగానే కళ్ళు మూసుకుంది. "మీరు చల్లగా ఉండాలి బాబూ" అని రెండుసార్లు అంది. నర్సు వచ్చి, టీకా వెయ్యాలని ఆమెని పక్కగదికి తీసుకెళ్ళింది.

"ఇక మీది" అన్నాడు డాక్టరు, చిట్టి ఫారం దగ్గరకి లాక్కుంటూ. అరవై దాటినవాళ్ళకి గుండె పరీక్ష తప్పనిసరి కాబట్టి కిందటి శుక్రవారం ఇద్దరికీ తీశారు. ఆ పొడుగు కాగితం ఫారానికి గుచ్చి ఉంది. ఆయన దాన్ని విప్పాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది మీరు చూశారా?"

"నాదెందుకు చూస్తాను? వదినది చూశాను. బావుంది."

ఆయన కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు. అలాంటివి చిట్టి వేలల్లో చూసింది. గీత ఎగిరి, దిగి, మళ్ళీ ఎగరాలి. ఇక్కడ ఎగరాల్సిన చోట రెండుసార్లు ఎగరకుండా సాగిపోయింది. ఎవరిదో అయితే "అయ్యో, ఎవరిదండీ ఇది?" అని ఉండేది.

"ఈ మధ్య కళ్ళు తిరుగుతున్నాయా?"

"వంగి గీతలు గీశాను. టీ తాగలేదు" అంది చిట్టి.

"గుండెలో పై నుంచి కిందకి కబురు సరిగ్గా అందట్లేదు. గుండె మధ్య మధ్యలో కొట్టుకోవడం మానేస్తోంది. పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి. బహుశా లోపల చిన్న మిషను పెట్టాల్సి రావచ్చు. పెడితే మళ్ళీ మామూలు మనిషే, అందులో అనుమానం లేదు. కానీ ఓడ కదిలేలోపు, ఈ పంతొమ్మిది రోజుల్లో అవన్నీ అవుతాయని నేను మాటివ్వలేను. అది తేలేదాకా దీని మీద సంతకం పెట్టలేను." ఆయన ఆగి, కష్టపడి మిగతాది కూడా చెప్పాడు. "మీ కాగితం లేకపోతే ఆవిడ కాగితం చెల్లదు. తోడు మీరేనని రాశాను."

పక్కగదిలోంచి వదిన మాటలు వినబడుతున్నాయి. నర్సుకి ఓడ గురించి చెబుతోంది.

"మా ఆడపడుచమ్మా తీసుకెళ్తోంది. ఎవరికుంటుంది చెప్పు ఇలాంటి మనిషి? పెళ్ళయి వచ్చినప్పుడు ఈ ఇంట్లో నాతో మొదట మాట్లాడింది అదే. నత్తితోనే, అన్నీ అడిగింది. తిన్నావా, నిద్రొస్తోందా, మీ అమ్మ గుర్తొస్తోందా అని. నేను దానికి ఏదో చేశాననుకుంటుంది పిచ్చిది. ఆ మొదటి రోజు అది అడక్కపోతే నేను తెల్లారి పుట్టింటికి పోయేదాన్ని. పొద్దున్నించీ చెప్పాలనుకుంటున్నా, మొహం మీద చెప్పడానికి సిగ్గేసింది."

చిట్టి కూర్చున్నచోటే కూర్చుని ఆ మాటలన్నీ వింది.

"వదినకి చెప్పకండి" అంది నెమ్మదిగా.

"పొద్దున ఆవిడ దాచినందుకు ఇంతెత్తున లేచారని ఇప్పుడేగా విన్నాను" అన్నాడు డాక్టరు.

చిట్టి ఫారం తీసుకుని లేచింది. గుండె కాగితాన్ని మడిచి సంచి అడుగున పెట్టింది. బయట బల్ల మీద వదిన చేతికి దూది అదుముకుని కూర్చుని ఉంది. మొహం నిండా వెలుగుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత అంత తేలిగ్గా కనిపిస్తున్న వదినని చూసి చిట్టి కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. ఇప్పుడే చెప్పేస్తే ఆ వెలుగు ఇక్కడే, ఈ బల్ల మీదే ఆరిపోతుంది. ఒక్క పూట ఉండనిద్దాం, ఒక్క రాత్రి, రేపు పొద్దున చెబుదాం అనుకుంది. పద్నాలుగు నెలల క్రితం వదిన కూడా ఇలాగే అనుకుని ఉంటుందని ఆ క్షణంలో చిట్టికి తోచలేదు.

"అయిందా? నీ దాని మీద కూడా పెట్టారా?"

"పెట్టారు వదినా."

"ఏదీ, ఇలా ఇవ్వు. రెండూ ఒకచోటే ఉండాలి. నీ సంచిలో పెడితే మందుల చీటీల్లో కలిపేస్తావ్."

వదిన చెయ్యి చాపింది. చిట్టి తన చేతిలోని కాగితం వైపు చూసింది. సంతకం చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ వదినకి కనిపించదని పొద్దునే తెలిసింది. చిట్టి కాగితాన్ని వదిన చేతిలో పెట్టింది.

వదిన దాన్ని తన కాగితం మీద అంచుకి అంచు కలిపి పెట్టుకుంది. కింద ఎడమ మూల నుంచి కుడి మూల దాకా బొటనవేలు ఒకసారి నడిపింది. మళ్ళీ వెనక్కి నడిపింది. కాగితం తిప్పి అవతలి వైపు కూడా తడిమింది. మొహంలో నవ్వు అలాగే ఉంది, వేలు మాత్రం ఆగిపోయింది.

"చిట్టీ" అంది వదిన, "నీదంతా నున్నగా ఉందేమిటే?"